విమానం ఎక్కిన 'మిస్టర్ బ్యాలెట్ బాక్స్'.. రాష్ట్రపతి ఎన్నికల్లో పేర్ల వెనుక ఇన్ని కథలా?

2022 జులై. రాష్ట్రపతి ఎన్నికకు ఇంకా కొద్ది రోజులే టైమ్ ఉంది. ఢిల్లీ నుంచి రాష్ట్రాల రాజధానులకు విమానాలు బయల్దేరాయి. ముందు వరుస సీటులో ఓ వీఐపీ ప్రయాణికుడు. పక్క సీటులో ఎన్నికల అధికారి. ఆ వీఐపీ మాట్లాడడు, టీ తాగడు, కిటికీలోంచి చూడడు. మరి టికెట్ మీద పేరేంటో తెలుసా? 'మిస్టర్ బ్యాలెట్ బాక్స్'!

ఇదేం జోక్ కాదు. రాష్ట్రపతి ఎన్నిక బ్యాలెట్ బాక్సును లగేజీలో పడేయరు. అధికారి కళ్ల ముందే ఉండాలి కాబట్టి దానికంటూ ఓ సీటు, ఆ సీటుకో టికెట్. టికెట్ అన్నాక పేరు ఉండాలి కదా.. అందుకే మిస్టర్ బ్యాలెట్ బాక్స్. ఈ విషయాన్ని కేంద్ర ఎన్నికల సంఘమే స్వయంగా ప్రకటించింది. పోలింగ్ అయ్యాక కూడా అంతే దర్జాగా విమానంలోనే తిరిగి ఢిల్లీ చేరుకుంటాడు ఈ మిస్టర్.

రాష్ట్రపతి ఎన్నికల్లో ఇలాంటి పేర్ల తమాషాలు చాలానే ఉన్నాయి. కొన్ని వింటే నవ్వొస్తుంది. కొన్ని 'అరే, నిజమే కదా' అనిపిస్తాయి. అయితే ఒక్కో పేరు వెనక్కి వెళ్లి చూస్తే అక్కడో రూల్ కనిపిస్తుంది. చివర్లో ఓ లెక్క కూడా ఉంది.. అది నేరుగా మనకు సంబంధించింది. అదేంటో చూద్దాం.

గుర్తుల్లేవ్.. పేర్లే!

అసెంబ్లీ ఎన్నికలంటే మనకు ముందు గుర్తొచ్చేది గుర్తే. సైకిల్, ఫ్యాను, హస్తం, కమలం, కారు.. పేరు చదవకపోయినా గుర్తు చూసి బటన్ నొక్కేస్తాం. కానీ రాష్ట్రపతి ఎన్నిక బ్యాలెట్ పేపర్ మీద ఏ గుర్తూ ఉండదు. రెండే కాలమ్స్. ఒకదాంట్లో అభ్యర్థి పేరు, రెండోదాంట్లో ప్రాధాన్యత అంకె వేయడానికి ఖాళీ జాగా. అంతే. ఈవీఎం లేదు, నోటా లేదు, పార్టీ విప్ కూడా లేదు.

ఎంపీలకు ఆకుపచ్చ బ్యాలెట్, ఎమ్మెల్యేలకు గులాబీ బ్యాలెట్. ఎన్నికల సంఘం ఇచ్చే ప్రత్యేక పెన్నుతోనే మార్క్ చేయాలి. సొంత పెన్ను వాడితే ఓటు చెల్లదు.

ఇక్కడ మనవాళ్లకు ఓ ఇంట్రెస్టింగ్ పాయింట్ ఉంది. ప్రాధాన్యతను అంకెల్లోనే వేయాలి. మామూలు '1' వేయొచ్చు, రోమన్ అంకె వేయొచ్చు, భారతీయ భాషల అంకెలూ వేయొచ్చు. అంటే మన తెలుగు అంకె '౧' వేసినా ఓటు చెల్లుతుంది. కానీ 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే మాత్రం చెల్లదు!

ఇంత సింపుల్‌గా ఉన్నా పొరపాట్లు జరుగుతూనే ఉన్నాయి. 2017లో 77 ఓట్లు చెల్లలేదు. వాటిలో 21 ఎంపీలవి! 2022లో 53 చెల్లలేదు. వాటిలో 15 ఎంపీలవి. చట్టాలు చేసేవాళ్ల ఓట్లే చెల్లకుండా పోతున్నాయన్నమాట.

15 మంది.. ఒక్క ఇంటిపేరు కూడా రిపీట్ కాలేదు

ఓసారి అమెరికా అధ్యక్షుల లిస్టు చూడండి. ఆడమ్స్ ఇద్దరు, హారిసన్ ఇద్దరు, జాన్సన్ ఇద్దరు, రూజ్‌వెల్ట్ ఇద్దరు, బుష్ ఇద్దరు. ఆడమ్స్, బుష్‌లైతే ఏకంగా తండ్రీకొడుకులు. హారిసన్‌లు తాతా మనవళ్లు.

ఇప్పుడు మన లిస్టు చూడండి. ప్రసాద్, రాధాకృష్ణన్, హుస్సేన్, గిరి, అహ్మద్, రెడ్డి, సింగ్, వెంకటరామన్, శర్మ, నారాయణన్, కలాం, పాటిల్, ముఖర్జీ, కోవింద్, ముర్ము. మొత్తం 15 మంది. చివరి పేరు ఒక్కటీ రెండోసారి రాలేదు. ప్రధానుల్లో, ముఖ్యమంత్రుల్లో వారసత్వం కనిపిస్తుంది కానీ, రాష్ట్రపతి భవన్‌కు మాత్రం ఇప్పటిదాకా ఒకే కుటుంబం నుంచి ఇద్దరు వెళ్లలేదు.

ఎందుకిలా? కారణం పెద్ద మిస్టరీ ఏం కాదు. రాష్ట్రపతిని జనం నేరుగా ఎన్నుకోరు. ఎంపీలు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. అభ్యర్థిని నిలబెట్టేటప్పుడు పార్టీలు ప్రాంతం, భాష, సామాజిక వర్గం లెక్కలేసుకుంటాయి. 'ఈసారి సౌత్‌కి', 'ఈసారి మహిళకి', 'ఈసారి ఆదివాసీకి' అన్న ఆలోచన ఉన్నప్పుడు ఒకే ఇంటిపేరు మళ్లీ రావడం కష్టమే.

మన ఇంటిపేరు ముందు.. వాళ్లది వెనక

సౌత్ నుంచి వెళ్లిన రాష్ట్రపతుల పేర్లలో ఓ కామన్ పాయింట్ ఉంది. అందరికీ ముందు ఇనీషియల్సే. ఎస్. రాధాకృష్ణన్, వి.వి. గిరి, ఎన్. సంజీవరెడ్డి, ఆర్. వెంకటరామన్, కె.ఆర్. నారాయణన్, ఎ.పి.జె. అబ్దుల్ కలాం. ఆ పొడి అక్షరాల్లోనే ఊళ్లు, ఇళ్లు, తండ్రుల పేర్లు దాక్కుని ఉన్నాయి.

రాధాకృష్ణన్ ఇంటిపేరు సర్వేపల్లి. అది నెల్లూరు జిల్లాలోని ఊరు. ఆయన పుట్టింది ఇప్పటి తమిళనాడులోని తిరుత్తణిలో. పేరు చివర 'న్' చూసి తమిళ పేరే అనుకుంటారు చాలామంది. కానీ ముందున్న ఇంటిపేరు మాత్రం ఆ కుటుంబం మూలాలు ఎక్కడివో చెప్పేస్తుంది.

వి.వి. గిరి అంటే వరాహగిరి వెంకట గిరి. ఇంటిపేరు వరాహగిరి. అంటే 'గిరి' ఇంటిపేరులోనూ ఉంది, అసలు పేరులోనూ ఉంది. పుట్టింది బరంపురంలో. ఇప్పుడది ఒడిశాలో ఉంది కానీ, ఆయనది తెలుగు కుటుంబం.

ఇక నీలం సంజీవరెడ్డి. మనకు 'నీలం' ఇంటిపేరు అని వెంటనే అర్థమవుతుంది. కానీ ఉత్తరాదిలో నీలం అంటే ఎక్కువగా ఆడవాళ్లకు పెట్టే పేరు. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు తెలియనివాళ్లు ఆ పేరు చూస్తే ఒక్క క్షణం తికమక పడాల్సిందే.

వెంకటరామన్ పేరు ముందున్న 'ఆర్' అంటే ఆయన తండ్రి రామస్వామి. నారాయణన్ పేరులో 'కె' అంటే కోచెరిల్, అది ఇంటిపేరు. 'ఆర్' అంటే తండ్రి రామన్. ఇక కలాం పేరులోని మూడక్షరాల్లో ముత్తాత అవుల్, తాత పకీర్, తండ్రి జైనులాబ్దీన్.. మూడు తరాలు కొలువై ఉన్నాయి.

పేరు మార్చుకుని రాష్ట్రపతి భవన్ దాకా..

పుట్టినప్పటి పేరుతో కాకుండా వేరే పేరుతో రాష్ట్రపతి అయినవాళ్లూ ఉన్నారు.

జ్ఞానీ జైల్‌సింగ్ అసలు పేరు జర్నైల్ సింగ్. స్వాతంత్ర్య పోరాట రోజుల్లో జైలుకెళ్లినప్పుడు ఆ పేరును 'జైల్ సింగ్'గా మార్చుకున్నారు. జైలు నుంచే పుట్టిన పేరు! ఇక 'జ్ఞానీ' అన్నది పేరులో భాగం కాదు. సిక్కు మత గ్రంథాలు చదువుకున్న పండితులకు దక్కే గౌరవం.

ప్రస్తుత రాష్ట్రపతి ద్రౌపది ముర్ముది మరో కథ. ఆమెకు ఇంట్లో పెట్టిన సంతాలీ పేరు 'పుతి'. స్కూల్లో ఓ టీచర్ ద్రౌపది అని మార్చేశారు. ఈ విషయం ఆమే ఓ ఇంటర్వ్యూలో చెప్పారు. పుట్టింటి పేరు టుడు. పెళ్లయ్యాక ముర్ము. అంటే దేశ ప్రథమ పౌరురాలి పేరులో టీచర్ పెట్టింది ఒకటి, అత్తింటివాళ్లది ఒకటి. ఇంట్లో పెట్టిన పేరు మాత్రం అందులో కనిపించదు. బడిలో చేర్పించేటప్పుడు టీచర్లు పేర్లు మార్చేయడం మన ఊళ్లలో పాతకాలం వాళ్లకూ కొత్త కాదు. ఆదివాసీ పిల్లల విషయంలో ఇది ఇంకా ఎక్కువగా జరిగింది.

శేషుడిపై నారాయణుడి విజయం!

1997 ఎన్నిక. ఒకవైపు కె.ఆర్. నారాయణన్. మరోవైపు ఎన్నికల సంఘాన్ని హడలెత్తించే సంస్థగా మార్చిన మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ టి.ఎన్. శేషన్. పేర్లు గమనించారా? నారాయణుడు వర్సెస్ శేషుడు! పురాణాల్లో శేషుడి మీద నారాయణుడు పవళిస్తాడు. ఇక్కడ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

ట్విస్ట్ ఏంటంటే, శేషన్ పూర్తి పేరు తిరునెల్లై నారాయణ అయ్యర్ శేషన్. అంటే ఆయన పేరులోనూ నారాయణుడున్నాడు. రిజల్ట్? నారాయణన్‌కు 9,56,290 విలువైన ఓట్లు, శేషన్‌కు 50,631. దేశంలో ఎందరో అభ్యర్థులకు రూల్స్ నేర్పిన శేషన్‌కు డిపాజిట్ కూడా దక్కలేదు.

ఇంతకంటే పెద్ద పేర్ల ఫైట్ 1969లో జరిగింది. ఒకరు సంజీవరెడ్డి, మరొకరు గిరి. రెండూ కలిపి చదవండి.. లక్ష్మణుడి కోసం హనుమంతుడు మోసుకొచ్చిన సంజీవని గిరి గుర్తొస్తుంది. కానీ అప్పుడు ఆ రెండు పేర్లూ కలవలేదు సరికదా, దేశంలోనే అతిపెద్ద పార్టీని రెండుగా చీల్చాయి.

1969లో అసలేం జరిగింది?

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక బాధ్యతలు తీసుకున్నారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా లోక్‌సభ స్పీకర్ నీలం సంజీవరెడ్డి పేరు ఖరారైంది. ఆయన నామినేషన్ పత్రంపై ప్రధాని ఇందిరా గాంధీ కూడా సంతకం పెట్టారు.

అయితే సంజీవరెడ్డి పేరును ముందుకు తెచ్చింది పార్టీలో ఇందిరకు పడని సీనియర్ల వర్గం. 'సిండికేట్' అని పేరు. గిరి పదవికి రాజీనామా చేసి ఇండిపెండెంట్‌గా బరిలోకి దిగారు. రాష్ట్రపతి లేరు, ఉపరాష్ట్రపతి కూడా లేరు. దాంతో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా కొద్దివారాలు తాత్కాలిక రాష్ట్రపతిగా ఉండాల్సి వచ్చింది.

సీన్ కట్ చేస్తే.. పోలింగ్ ముందు ఇందిర 'అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయండి' అని పిలుపునిచ్చారు. సంతకం పెట్టింది ఒకరికి, పిలుపు ఉపయోగపడింది మరొకరికి!

కౌంటింగ్‌లో గెలవడానికి కావాల్సిన కోటా 4,18,169. తొలి ప్రాధాన్యతలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరికీ కోటా అందలేదు. మరి ఇప్పుడేం చేస్తారు?

ఇక్కడే ప్రాధాన్యతల పద్ధతి పనిచేస్తుంది. అందరికంటే తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థిని తీసేస్తారు. ఆయనకు ఓటేసినవాళ్లు '2' అని ఎవరికి వేశారో చూసి ఆ ఓట్లు వాళ్లకు కలుపుతారు. ఇలా ఒక్కొక్కరినీ తీసేస్తూ పోతారు. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. కోటా కంటే గిరికి అదనంగా వచ్చింది కేవలం 1,908. మన దేశంలో రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కపెట్టి రాష్ట్రపతిని తేల్చింది ఆ ఒక్కసారే.

కథ అక్కడితో అయిపోలేదు. ఎన్నిక చెల్లదంటూ కేసు పడింది. రాష్ట్రపతి హోదాలో ఉండగానే గిరి సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. చివరికి కోర్టు ఆ పిటిషన్లు కొట్టేసింది. కాంగ్రెస్ మాత్రం అదే ఏడాది రెండుగా చీలిపోయింది.

పేరుకు తగ్గట్టే 'సంజీవ' రెడ్డి

ఓడిన సంజీవరెడ్డి రాజకీయాలకు దూరంగా అనంతపురం జిల్లాలోని సొంతూరు ఇల్లూరు వెళ్లి వ్యవసాయం చేసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి పొలిటికల్ కెరీర్ అయిపోయిందనే అంతా అనుకున్నారు.

ఎమర్జెన్సీ తర్వాత 1977 లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. దేశమంతా జనతా గాలి వీచినా ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం కాంగ్రెస్ 42 సీట్లలో 41 గెలిచింది. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. గెలిచింది సంజీవరెడ్డి! మళ్లీ స్పీకర్ అయ్యారు. అంతకుముందే ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగా మరణించడంతో మళ్లీ రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. మొత్తం 37 నామినేషన్లు పడ్డాయి. పరిశీలనలో 36 తిరస్కరణకు గురయ్యాయి. మిగిలిన ఒకే ఒక్క పేరు.. నీలం సంజీవరెడ్డి.

పోటీ లేకుండా రాష్ట్రపతి అయింది ఇప్పటిదాకా ఆయనొక్కరే. ఇద్దరు రాష్ట్రపతులు పదవిలో ఉండగా మరణిస్తే, ఆ రెండు ఖాళీలకు జరిగిన ఎన్నికల్లోనూ అభ్యర్థి ఆయనే కావడం మరో విచిత్రం.

ఆయన వదిలివెళ్లిన గుర్తు ఇంకోటుంది. సంజీవరెడ్డి ప్రమాణం చేసింది 1977 జులై 25న. ఐదేళ్ల పదవీకాలం జులై 24తో ముగుస్తుంది. ఆ తర్వాత వచ్చిన తొమ్మిది మందీ పూర్తికాలం లెక్క ప్రకారం జులై 25నే ప్రమాణం చేశారు. ముహూర్తం పెట్టింది ఏ పండితుడో కాదు.. క్యాలెండర్! ద్రౌపది ముర్ము కూడా అదే రోజున ప్రమాణం చేసి, అతి చిన్న వయసు రాష్ట్రపతిగా సంజీవరెడ్డి పేరిట ఉన్న రికార్డును దాటారు. ఇద్దరికీ అప్పటికి 64 ఏళ్లే. తేడా దాదాపు నెల రోజులు.

ఐదుసార్లు పోటీ చేసిన హరిరామ్

ఇప్పుడు ఎవరికీ పెద్దగా తెలియని ఓ పేరు. చౌదరి హరిరామ్. 1952, 1957, 1962, 1967, 1969.. దేశంలో జరిగిన మొదటి ఐదు రాష్ట్రపతి ఎన్నికల్లోనూ ఈయన అభ్యర్థి. వెనక పెద్ద పార్టీ లేదు. 1952లో 1,954, 1957లో 2,672, 1962లో 6,341. ఊపు పెరుగుతోందనుకునేలోపు 1967లో సున్నా! 1969లో 125.

ఈ అంకెలు మనుషుల సంఖ్య కాదు, ఓట్ల విలువ. 125 అంటే అప్పటి ఒక్క ఎంపీ ఓటంత కూడా కాదు.

1967లో ఏకంగా 17 మంది పోటీ చేశారు. తొమ్మిది మందికి ఒక్క ఓటూ పడలేదు. ఎందుకంత మంది? అప్పట్లో నామినేషన్‌కు ఒకరు ప్రతిపాదిస్తే, మరొకరు బలపరిస్తే చాలు. డిపాజిట్ కూడా లేదు. అలా సంతకాలు పెట్టినవాళ్లే తీరా ఓటు మాత్రం వేసేవాళ్లు కాదన్నమాట!

1974లో రూల్ మారింది. పది మంది ప్రతిపాదించాలి, పది మంది బలపరచాలి, రూ.2,500 డిపాజిట్ కట్టాలి. అయినా 1992లో దేశంలో వందల ఎన్నికల్లో పోటీ చేసి ఓడిన కాకా జోగిందర్ సింగ్ బరిలో నిలిచారు. ఆయనకు జనం పెట్టిన పేరు 'ధర్తీ పకడ్'. అంటే నేలను వదలకుండా పట్టుకున్నవాడు. ఆ ఎన్నికలో ఆయనకు 1,135 విలువైన ఓట్లు పడ్డాయి.

1997లో రూల్స్ ఇంకా టైట్ చేశారు. ఇప్పుడు 50 మంది ప్రతిపాదించాలి, 50 మంది బలపరచాలి. వాళ్లంతా ఓటు హక్కున్న ఎంపీలు, ఎమ్మెల్యేలే కావాలి. డిపాజిట్ రూ.15,000. అప్పటి నుంచి 1997, 2002, 2007, 2012, 2017, 2022.. ఆరు ఎన్నికల్లోనూ బ్యాలెట్ మీద సరిగ్గా రెండే పేర్లు.

మంచిదేనా? ఎన్నికను తమాషాగా మార్చేవాళ్లకు చెక్ పడింది, నిజమే. కానీ వంద మంది ప్రజాప్రతినిధులు వెంట లేని సామాన్యుడి పేరు ఇక ఆ బ్యాలెట్ మీదకు రాలేదు. హరిరామ్ లాంటివాళ్లు ఇప్పుడు నామినేషన్ దగ్గరే ఆగిపోతారు.

జడ్జీలకు కలిసి రాని ఎన్నిక

రాష్ట్రపతి ఎన్నికల్లో మరో ప్యాటర్న్ ఉంది. సుప్రీంకోర్టు నుంచి వచ్చి పోటీ చేసిన ప్రముఖులకు గెలుపు దక్కలేదు. 1967లో రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు ఏకంగా ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి జాకీర్ హుస్సేన్‌పై పోటీ చేశారు. 3,63,971 విలువైన ఓట్లు సాధించి గట్టి పోటీ ఇచ్చినా ఓడిపోయారు. 1982లో హెచ్.ఆర్. ఖన్నా, 1987లో వి.ఆర్. కృష్ణయ్యర్.. వాళ్లదీ అదే రిజల్ట్.

ఉపరాష్ట్రపతులది మాత్రం రివర్స్ కథ. రాధాకృష్ణన్, జాకీర్ హుస్సేన్, గిరి, వెంకటరామన్, శంకర్ దయాళ్ శర్మ, నారాయణన్.. ఆరుగురు ఆ పదవి నుంచే రాష్ట్రపతులయ్యారు. 2007లో భైరాన్‌సింగ్ షెకావత్ ఓటమితో ఆ సెంటిమెంట్ బ్రేక్ అయింది.

ఉపరాష్ట్రపతి మాట వచ్చింది కాబట్టి పేరుకు సంబంధించిన లేటెస్ట్ ముచ్చట ఒకటి. దేశ తొలి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. 2025 సెప్టెంబర్‌లో 15వ ఉపరాష్ట్రపతిగా గెలిచింది సి.పి. రాధాకృష్ణన్. ఇది యాదృచ్ఛికం కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ మీద గౌరవంతోనే కొడుక్కి ఆ పేరు పెట్టుకున్నానని ఆయన తల్లి మీడియాకు చెప్పారు. ఆ ఎన్నికలో ఆయన చేతిలో ఓడింది మన తెలుగువారే, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. ఆయన కూడా సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తే!

అయితే ఒక్క మాట. 'జడ్జి అయితే ఓడిపోతారు' అన్నది రూల్ కాదు. ఇలా పోటీ చేసినవాళ్లంతా ప్రతిపక్షాల అభ్యర్థులు. గెలవడానికి కావాల్సిన నంబర్ ముందే అవతలివైపు ఉంది. పేరు, వృత్తి, రాశి కాదు.. తేల్చేది నంబరే. మరి ఆ నంబర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ లెక్కలో మీరున్నారా?

ఇదే అసలు పాయింట్. రాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యే ఓటు విలువ అన్ని రాష్ట్రాల్లో ఒకేలా ఉండదు. రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 1,000తో భాగిస్తారు. యూపీ ఎమ్మెల్యే ఓటు విలువ 208. తమిళనాడు ఎమ్మెల్యేది 176. సిక్కిం ఎమ్మెల్యేది కేవలం 7.

మనకెంత? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 294 మంది ఎమ్మెల్యేలు, ఒక్కొక్కరి ఓటు విలువ 148. విభజన తర్వాత ఏపీలో 175 మందికి 159 చొప్పున, తెలంగాణలో 119 మందికి 132 చొప్పున వచ్చింది. మొత్తం చూస్తే ఏపీది 27,825, తెలంగాణది 15,708. రెండూ కలిపితే 43,533. ఉమ్మడి రాష్ట్రంలో ఇది 43,512. అంటే రాష్ట్రం రెండైనా రాష్ట్రపతి ఎన్నికలో తెలుగువాళ్ల ఓటు బలం దాదాపు అంతే ఉంది.

ఇప్పుడు షాకింగ్ విషయం. ఈ లెక్కలో వాడే జనాభా ఇప్పటిది కాదు. 1971 నాటిది! ఏపీకి 2,78,00,586, తెలంగాణకు 1,57,02,122 అని పాత లెక్కలే ఇప్పటికీ వాడుతున్నారు.

కారణం ఉంది. కుటుంబ నియంత్రణ బాగా పాటించిన రాష్ట్రాలు జనాభా తగ్గిందన్న కారణంతో నష్టపోకూడదని 1976లో రాజ్యాంగాన్ని సవరించి 1971 లెక్క దగ్గరే ఆపేశారు. తర్వాత ఆ గడువు పెంచారు. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు ప్రచురించేవరకు ఇదే కొనసాగుతుంది.

అంటే 2022లో ద్రౌపది ముర్ము పేరు ఎదురుగా '1' వేసిన మన ఎమ్మెల్యే వెనక ఉన్నది 1971లో ఈ నేల మీద ఉన్న జనం. మొబైల్‌లో ఇది చదువుతున్నవాళ్లలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. ఆ 159లోనో, 132లోనో ఉన్నది మీరు కాదు.. మీ అమ్మానాన్నలు, తాతయ్యలు, నానమ్మలు.

కొత్త లెక్కలు వచ్చాక ఈ అంకెలు మారతాయి. జనాభా వేగంగా పెరిగిన రాష్ట్రాల బరువు పెరుగుతుంది, నెమ్మదిగా పెరిగిన రాష్ట్రాల వాటా తగ్గుతుంది. లోక్‌సభ సీట్ల పునర్విభజనపై సౌత్‌లో ఎందుకంత ఆందోళన ఉందో, అదే లెక్క ఇక్కడా వర్తిస్తుంది. దాని గురించి పెద్దగా చర్చ మాత్రం లేదు.

ద్రౌపది ముర్ము పదవీకాలం 2027 జులై 24తో ముగుస్తుంది. అంతకుముందే మళ్లీ మిస్టర్ బ్యాలెట్ బాక్స్ విమానం ఎక్కుతాడు. బ్యాలెట్ మీద రెండే పేర్లు ఉంటాయో, మూడో పేరు కనిపిస్తుందో, 16వ రాష్ట్రపతితో కొత్త ఇంటిపేరు వస్తుందో, పాతదే రిపీట్ అవుతుందో అప్పుడు తేలుతుంది. ఎవరి పేరు అన్నది ఎలాగూ బ్రేకింగ్ న్యూస్‌లో వస్తుంది. మన ఎమ్మెల్యే ఓటు విలువ ఎంత, అది ఏ జనాభా లెక్క ప్రకారం.. ఆ రోజు ఈ ప్రశ్న కూడా అడగండి.